ముచ్చిక దగ్గర ఆకుపచ్చ

మా ఊరి మామిడి మార్కెట్‌కి వెళ్లే దారిలో ఎడమచేతి గోడ మీద పెద్ద మామిడి కొమ్మ ఒకటి వేసి ఉంటుంది. గుత్తిగా ఏడు చిన్నరసాలు, చుట్టూ ముదురాకులు, కొమ్మ చివర ఎర్రటి లేతచిగురు. కాయ ఎక్కించుకెళ్లడానికి వచ్చే లారీ డ్రైవర్లు దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ బొమ్మ గీసింది నేను. అందులో రంగు మాత్రం నా భార్యది.

ఈ సంగతి ఇప్పుడు నూజివీడులో చాలామందికి తెలుసు. కానీ తప్పుగా తెలుసు. "పెళ్లానికి పేరు రావాలని తన పేరు వదులుకున్నాడు, ఎంత మంచి మనసో" అని చెప్పుకుంటున్నారు. మొన్న టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన నా భుజం తట్టి మరీ అన్నాడు. నేను వదులుకున్నది ఏమీ లేదు. ఆమె దగ్గర లాక్కున్నదాన్ని తిరిగి ఇచ్చాను, అది కూడా వేరే దారి లేక. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా కళ్ల గురించి చెప్పాలి. నాకు నీలం కనిపిస్తుంది. పసుపు కనిపిస్తుంది. నలుపు, తెలుపు సరేసరి. ఆకుపచ్చ, ఎరుపు, గోధుమరంగు మాత్రం ఒకే ఇంట్లో పుట్టినవాళ్లలా ఒకరి పోలికలు ఒకరికి ఉంటాయి. ఎవరు ఎవరో చెప్పలేను. దీన్ని కలర్ బ్లైండ్ అంటారని చాలా ఆలస్యంగా తెలిసింది. పంతొమ్మిదేళ్ల వయసులో నాకు తెలిసిందల్లా, రెడ్డిగూడెం దగ్గర కాయలు ఏరే షెడ్డులో రెండు రోజులకు మించి నిలవలేకపోయానని. దూరం వెళ్లే లారీలోకి పచ్చికాయే ఎక్కాలి. రంగు తిరిగిన కాయ ఒక్కటి పడినా దారిలో పండి, కుళ్లి, చుట్టూ ఉన్నవాటిని కూడా పాడు చేస్తుంది. నేను రంగు తిరిగిన కాయల్ని బుట్టలకొద్దీ లోడులో పోశాను.

"కళ్లు ఇంటి దగ్గర పెట్టొచ్చావేంట్రా?" అన్నాడు మేస్త్రీ. షెడ్డులో ఆడవాళ్లంతా నవ్వారు.

ఆ రోజు నుంచి ఆకుపచ్చ అంటే నాకు భయం. తోటల మధ్య బతికేవాడు అలా అనడం వింతగానే ఉంటుంది. మీరు చూసే తోటలు నాకు తడిమట్టి, ఎండుగడ్డి. ఎవరైనా "అబ్బ, ఎంత పచ్చగా ఉందో" అంటే తల ఊపి, నాకూ కనిపిస్తున్నట్టు నటించేవాణ్ని. పసుపు మీద నమ్మకం ఉండేది. నీలం అంటే ప్రేమ. అది నన్ను ఒక్కసారి కూడా నవ్వులపాలు చెయ్యలేదు.

అలాంటివాణ్ని బోర్డులు రాసే పనిలోకి ఎందుకు వెళ్లానంటే, అక్కడ రంగు పేరు డబ్బా మీద ఉంటుంది. చదవడం వస్తే చాలు. నా చెయ్యి మంచిది. అక్షరం గానీ మామిడికాయ గానీ ఒక్క గీతలో వచ్చేది.

పెళ్లైన కొత్తలో ఒకరోజు నా భార్య మధ్యాహ్నం అన్నం తీసుకుని నేను పని చేస్తున్న చోటుకి వచ్చింది. పెళ్లిళ్లకి సామాన్లు అద్దెకిచ్చే కొట్టు గోడ మీద కొబ్బరిచెట్టు వేస్తున్నాను. డబ్బా పక్కకి కారిన రంగు పేరును కప్పేసింది. ఏదో ఒకటి తీసుకుని ఆకులు నింపేశాను. ఆమె క్యారేజీ కింద పెట్టి చాలాసేపు చూసింది.

"చెట్టు చచ్చిపోయిందేంటండీ?"

"చావడమేంటి?"

"కొమ్మలన్నీ ఎండిపోయాయిగా."

సాయంత్రం ఇంటికి వచ్చాక రెండు మామిడాకులు అరచేతిలో పెట్టి చాపింది. ఒకటి లేతది, ఎర్రగా రాగిలా మెరుస్తుందట. రెండోది ముదురుది.

"ఏది లేతదో చెప్పండి."

నేను వేలితో తాకబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది. "చేత్తో కాదు, కళ్లతో."

చెప్పలేకపోయాను. నవ్వుతుందనుకున్నాను. ఆమెది తోటల్లో కూలికి వెళ్లే కుటుంబం, వాళ్లమ్మ వెంట ఊహ తెలిసినప్పటి నుంచి కాయలు ఏరింది. రంగు తిరగబోయే కాయను, తిరగడానికి ఇంకా రెండు రోజులు ఉండగానే పట్టుకునే కన్ను. ఆమె నవ్వలేదు. మేకు, సుత్తి తెచ్చి డబ్బాల మూతల మీద గుర్తులు కొట్టింది. ఆకుపచ్చకి ఒక సొట్ట, ఎరుపుకి రెండు, గోధుమరంగుకి మూడు.

"ఇక మీరు మూత తడిమితే చాలు. ఎవరికీ చెప్పక్కర్లేదు," అంది.

అప్పటి నుంచి రంగు కలపడం ఆమె పని అయింది. కొబ్బరిచిప్పల్లో కలిపేది. చిప్పల్ని వరసగా పెట్టి, "ఇది కాయ పైన, ఇది కింద, ఇది నీడ" అని చెబుతుంటే నేను వేసేవాణ్ని. ఒక్కోసారి నా చేతిలో కుంచె తీసుకుని తనే రెండు దెబ్బలు వేసేది. నాకు ఆ రెండు దెబ్బలు కనిపించేవి కావు. కానీ రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. అలా పద్దెనిమిదేళ్లు. ఫ్లెక్సీలు వచ్చి చాలామంది పెయింటర్లు పని మానేసినా మా ఇంటికి పని వస్తూనే ఉంది. మా కాయ రంగు ఏ కంప్యూటర్‌లోనూ రాదని జనం అనేవాళ్లు. నేను తల ఊపేవాణ్ని.

ఆ తర్వాత మార్కెట్ గోడ పని వచ్చింది. ఇరవై రోజులు చేశాం. ఆ ఏడు కాయల్లో ఏ రెండూ ఒక రంగు కావని చెబుతారు. సీజన్ మొదలయ్యే రోజున వ్యాపారులు నాకు శాలువా కప్పారు. ఆమె ముందు వరసలో కూర్చుంది. మైకు నా చేతికి ఇస్తుండగా, బాపులపాడులో నాలాగే బోర్డులు రాసే ఒకాయన వెనక నుంచి అరిచాడు.

"రంగులన్నీ మీ ఆవిడే కలుపుతుందంట కదా గురువుగారూ!"

సరదాకే అన్నాడు. నాకు మాత్రం షెడ్డులో నవ్వులు వినిపించాయి. ఆ ఒక్క క్షణంలో నేను చేసింది ఇది. మైకు దగ్గరికి జరుపుకుని, "మా ఆవిడా? ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా తెలియదండీ ఆవిడకి. డబ్బాలు మోస్తుంది పాపం," అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. నా లోపం తీసి ఆమెకి తొడిగాను. ఆమె కొంగు సర్దుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఈ రోజుకీ నాకు కనిపిస్తూనే ఉంటుంది.

ఇంటికి వచ్చాక గొడవ పడలేదు. మర్నాడు చిప్పలు వరసగా పెట్టి పిలిస్తే, "రంగు తెలియనిదాన్ని, నాకెందుకండీ," అని టిఫిన్ బాక్సు తీసుకుని కాయలు ఏరే షెడ్డుకి వెళ్లిపోయింది. నేను ఒకప్పుడు రెండు రోజులు నిలవలేకపోయిన షెడ్డే అది.

రెండు సీజన్లు అలా గడిచాయి. వంట చేసేది, మాట్లాడేది, జ్వరం వస్తే మందు ఇచ్చేది. రంగు మాట మాత్రం ఎత్తేది కాదు. నేను నీలం మీద తెల్ల అక్షరాలు, పసుపు మీద నల్ల అక్షరాలు రాసుకుంటూ నెట్టుకొచ్చాను. బొమ్మల పని వస్తే నడుం నొప్పి అని తప్పించుకునేవాణ్ని. ఒక్క సంగతి మాత్రం నన్ను లోపల తినేసేది. ఆ మూడు రంగుల్లో కొత్త డబ్బా ఏది కొనుక్కొచ్చినా, మర్నాటికి దాని మూత మీద సొట్టలు ఉండేవి. ఎప్పుడు కొట్టేదో తెలియదు. నన్ను క్షమించలేదు, అలాగని నవ్వులపాలు కానివ్వలేదు. నేను ఆ మూతలు తడుముతూ కూడా నోరు విప్పలేదు.

మొన్న ఏప్రిల్‌లో రెడ్డిగూడెంలో తోట ఉన్న ఒక రైతు పిలిచాడు. హనుమాన్ జంక్షన్ వెళ్లే రోడ్డు మీద సొంతంగా పండ్లకొట్టు పెడుతున్నాడు. వరిగడ్డిలో మాగబెట్టిన పండ్లే అమ్ముతాడట, మందు వేసి పండించినవి ముట్టుకోడట.

"ఫ్లెక్సీ రెండు నెలల్లో వెలిసిపోద్ది. గోడ నిండా చిన్నరసాలు కావాలి. మార్కెట్ గోడ మీదున్నట్టు," అన్నాడు.

కాదనలేకపోయాను. పోనీ, పసుపు నాకు కనిపిస్తుంది కదా, పండు పసుపే కదా అనుకున్నాను. నాలుగు రోజులు కష్టపడి, డబ్బాలోంచి తీసిన పసుపు తీసినట్టే, గోడ నిండా పండ్లు వేశాను. ఒక్క మచ్చ లేకుండా నున్నగా మెరిశాయి. నాకు చాలా అందంగా కనిపించాయి.

అయిదో రోజు పొద్దున రైతు తోటలో పనిచేసే ఆడవాళ్లు ట్రాక్టర్ దిగి గోడ చూశారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అమ్మో, ఈ కాయలకి మందు గట్టిగానే పెట్టారే!"

"ఇందాకే కార్బైడ్ పొట్లం విప్పినట్టున్నారు," అంది ఇంకొకామె.

"కార్బైడ్ కాయలు ఇచట లభించును అని కింద రాసెయ్యండి అన్నయ్యా, సరిపోద్ది!"

రైతు నవ్వలేదు. "ఏంటి పెయింటరుగారూ, కొట్టు తెరవకముందే మూయించేస్తారా? చిన్నరసం పండితే ఇలా ఉంటుందా? ముచ్చిక చుట్టూ ఆకుపచ్చ ఎక్కడ? ఒక పక్క రంగు తిరిగి ఒక పక్క తిరగకుండా ఉండే ఆ మచ్చలెక్కడ? ఒకే రంగులో మెరిసిందంటే మందు కాయని మా ఇంట్లో చంటిపిల్ల కూడా చెప్తది."

ముచ్చిక అంటే తొడిమ ఊడిన చోటు. గడ్డిలో తీరిగ్గా పండిన రసానికి అక్కడ ఆకుపచ్చ నిలిచిపోతుందని నాకు మాటగా తెలుసు. కంటితో ఎప్పుడూ చూడలేదు. యాభై ఏళ్లుగా మామిడి ఊళ్లో ఉంటూ, నమ్మకమని పెట్టుకున్న ఒక్క రంగుతో, మా వాళ్లంతా అసహ్యించుకునే కాయను గోడంతా వేశాను.

అక్కడి నుంచి నేరుగా షెడ్డుకి వెళ్లాను. ఆమె కాయల కుప్ప ముందు కూర్చుని ఉంది, చుట్టూ పదిమంది ఆడవాళ్లు. చేతులు ఆగకుండా కదులుతున్నాయి.

"ఒకసారి రా. గోడ పాడైంది," అన్నాను.

"నాకు రంగులు తెలియవు కదండీ," అంది తల ఎత్తకుండా.

చేతులన్నీ ఆగిపోయాయి. అందరూ నన్నే చూస్తున్నారు.

"తెలియనిది నాకు. నాకే కనిపించవు," అన్నాను. ముప్పై ఏళ్లుగా గొంతులో దాచుకున్న మాట అంత చిన్నదని నాకు తెలియదు.

ఆమె ఇప్పుడు తల ఎత్తింది. "అది నాకు తెలుసు. వీళ్లకీ తెలుసు, రోజూ నా పక్కన కూర్చునేవాళ్లేగా. తెలియనివాళ్లకి చెప్పండి. మైకులో అన్నారు, మైకులోనే చెప్పండి."

ఒక ముసలామె పళ్లు లేని నోటితో నవ్వి, "వెళ్లు బాబూ, మార్కెట్‌లో వేలం ఇంకా అయ్యుండదు, మైకు అక్కడే ఉంటది," అంది.

షెడ్డు నుంచి మార్కెట్‌కి బండి మీద వెళ్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. రంగులు కనిపించని పెయింటర్‌కి ఇక పని ఎవడిస్తాడు? రెండు సార్లు బండి ఆపాను. రెండోసారి ఆపినచోట రోడ్డు పక్కన తోట ఉంది. మీకు పచ్చగా, నాకు మట్టిగా. దాన్ని చూసి తల ఊపాల్సిన అవసరం ఇక లేదని అనిపించింది. ఆ ఆలోచనకే ఒళ్లు తేలికైంది. మళ్లీ ఆపలేదు.

వేలం జోరుగా సాగుతోంది. పాట పాడే ఆయన్ని రెండు నిమిషాలు మైకు అడిగాను. ఎవరో పోయారని చెప్పబోతున్నానని అనుకుని అందరూ నిశ్శబ్దమయ్యారు.

"రెండేళ్ల కిందట శాలువా కప్పిన రోజు ఇక్కడే నేనొక అబద్ధం చెప్పానండీ. ఆకుపచ్చకీ గోధుమరంగుకీ తేడా తెలియంది మా ఆవిడకి కాదు, నాకు. పుట్టినప్పటి నుంచీ అంతే. ఆ గోడ మీద గీత నాది. రంగు చుక్క కూడా నాది కాదు, అంతా ఆవిడదే. మార్కెట్ గోడే కాదు, పద్దెనిమిదేళ్లుగా నేను వేసిన ప్రతి బొమ్మా అంతే."

తర్వాత కుప్పల వెనక నుంచి ఒక వ్యాపారి అడిగాడు. "అయితే నా కొట్టు బోర్డు ఏ రంగో చెప్పు చూద్దాం!"

"మా ఆవిణ్ని అడిగి చెప్తానండీ."

ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లు తప్పించుకు తిరిగిన నవ్వు అదే, షెడ్డులో విన్నదే. తీరా మీద పడితే దెబ్బేమీ తగల్లేదు. ఇన్నాళ్లూ ఇంత చిన్నదానికి భయపడి అంత పెద్ద తప్పు చేశానే అని అప్పుడు సిగ్గేసింది.

బాపులపాడు పెయింటర్ ఆ రోజూ అక్కడే ఉన్నాడు. బయటకు వస్తుంటే పక్కకి పిలిచాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "నాకు ఆ లేతచిగురు రంగు ఎన్నిసార్లు కలిపినా కుదరట్లేదు గురువుగారూ. ఆవిణ్ని ఒకసారి అడగొచ్చా?" అన్నాడు మెల్లిగా.

నేను ఇల్లు చేరేసరికి, ఆ మాటలన్నీ ఎవరి ఫోన్‌లోంచో షెడ్డుకి చేరిపోయినట్టున్నాయి. ఆమె నాకంటే ముందే వచ్చి పెరట్లో కొబ్బరిచిప్పలు కడుగుతోంది. రెండేళ్ల దుమ్ము.

"టర్పెంటైన్ తెచ్చారా?" అంది.

మర్నాడు బుట్టెడు చిన్నరసాలు, గడ్డితో సహా, ఆ గోడ ముందు స్టూలు మీద పెట్టింది. నా పసుపు కాయల మీద తెల్లరంగు కొట్టేశాం. నేను ఎడమ మూలన రెండు కాయలు గీసి కుంచె ఆమెకి ఇవ్వబోతే తీసుకోలేదు.

"ముందు మీకు కనిపించింది వెయ్యండి."

"నాకు కనిపించేదా? ఎందుకు?"

"ఇన్నేళ్లు నేను చూసింది మీరు వేశారు. మీరు చూసేది నాకెప్పుడూ చూపించలేదు."

గోడలో ఎడమ సగం నాకు, కుడి సగం తనకు అంది. నేను ఒక పండు ముందు కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి, ఇది ఏ రంగు అయి ఉండాలి అని కాకుండా, నాకు ఏం కనిపిస్తోంది అని చూశాను. తేనె కనిపించింది. తడిసిన గడ్డి కనిపించింది. వీటన్నిటి కింద, పండు స్టూలును తాకేచోట, నీడలో, నీలం ఉంది. ఎప్పుడూ ఉండేదే. తప్పేమోనని ఎప్పుడూ వెయ్యలేదు. ఆ రోజు వేశాను. మూతలు తడమలేదు. నచ్చిన డబ్బాలో కుంచె ముంచాను. మధ్యాహ్నానికి ఆకుల్లో కూడా నీలం పాకింది. భయం అనుకున్నచోట ఆకుపచ్చ లేదు, గోధుమరంగూ లేదు, నాది అనే రంగు ఒకటి ఉంది. దానికి పేరు లేదు. డబ్బా మీద దొరకదు. నేను పాట పాడుతున్నానట, ఆమె తర్వాత చెప్పింది.

కుడివైపు ఆమె చిప్పలన్నీ చుట్టూ పెట్టుకుని పని చేసింది. ఎవరి గీత మీదో కాదు, గీత కూడా తనే గీసుకుంది. కాస్త వంకరగా వచ్చింది. చెరపనివ్వలేదు. "కాయ వంకరగా ఉండదేంటి?" అంది.

మూడో రోజు సాయంత్రం ట్రాక్టర్ వచ్చింది. ఆడవాళ్లు దిగి గోడ ముందు వరసగా నిలబడ్డారు. షెడ్డులో నన్ను వేలానికి పంపిన ముసలామె కూడా వచ్చింది. ముందు నేను వేసిన ఎడమ సగం చూసింది.

"పొద్దు గుంకాక చెట్టు కింద నిలబడి చూస్తే కాయలు ఇలాగే ఉంటయ్," అంది.

ఇంతమందికీ రోజూ ఆ కాసేపు నా కళ్లే వస్తాయన్నమాట.

తర్వాత ముసలామె కుడివైపు నడిచి, దగ్గరగా వెళ్లి, ఒక పండు ముచ్చిక పక్కన బొటనవేలితో నొక్కింది, మాగిందో లేదో చూడ్డానికి. రంగు ఇంకా ఆరలేదు. వేలికి అంటింది. తన వేలు తనే చూసుకుని ఒక్క కేక పెట్టింది, మిగతావాళ్లంతా చప్పట్లు కొడుతూ విరగబడి నవ్వారు. నా భార్య అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ వేలిముద్ర గోడ మీద ఇంకా ఉంది, సరిచెయ్యలేదు.

రైతు రెండు సగాలూ మార్చి మార్చి చూశాడు. "ఎడం పక్కది తీసెయ్యమంటారా?" అని అడిగాను.

"తీసేస్తే ఊరుకుంటానా? రెండూ ఉంచండి," అన్నాడు. "ఇంతకీ కింద ఎవరి పేరు రాస్తున్నారు?"

నేను సన్న కుంచె తీసి ఆమెకి ఇచ్చాను. మార్కెట్ గోడ దగ్గర కూడా నా పేరు పైన ఆమె పేరు రాయించాం, అది తర్వాతి వారం. మొదటిసారి రాసింది మాత్రం ఇక్కడే. ఈ రాతలో నేను ఎవరి పేరూ పెట్టలేదు. ఆమె పేరు కావాలంటే ఆ రోడ్డున వెళ్లేటప్పుడు ఆగి చదువుకోండి, పెద్ద అక్షరాలే.

నా భార్య కుంచె పట్టుకుని చిప్పలన్నిటినీ ఒకసారి చూసింది. ఎరుపు తీసుకుంటుందనుకున్నాను, తనకి ఇష్టమైన రంగు అదే. వాటన్నిటినీ దాటి, మూత మీద ఒక్క సొట్ట కూడా లేని డబ్బా తెరిచింది. నీలం.

"అదెందుకు?" అన్నాను.

"మీకు సరిగ్గా కనిపించాలిగా," అంటూ మొదటి అక్షరం మొదలుపెట్టింది.